ప్లగిన్లలో క్రాస్-సైట్ స్క్రిప్టింగ్ లోపాలు: గుర్తించడం, పూడ్చడం, నష్టాన్ని అదుపు చేయడం

ఒక వెబ్‌సైట్‌లోని సంప్రదింపు ఫారంలో పేరు రాయవలసిన గడిలో ఎవరో చిన్న జావాస్క్రిప్ట్ ముక్క రాసి పంపారనుకుందాం. ఫారం నడిపే ప్లగిన్ (సైట్‌కు అదనపు సౌకర్యాలు చేర్చే ప్రోగ్రాం) దాన్ని డేటాబేస్‌లో భద్రపరిచి, మర్నాడు అడ్మిన్ సందేశాల పట్టిక తెరిచినప్పుడు ఉన్నదున్నట్టుగా పేజీలో ముద్రిస్తే, అది పేరో ప్రోగ్రామో తేల్చుకునే దారి బ్రౌజర్‌కు ఉండదు. ఆ సైట్ నుంచే వచ్చింది కాబట్టి ఆ సైట్ కోడే అనుకుని నడిపిస్తుంది. క్రాస్-సైట్ స్క్రిప్టింగ్ అంటే ఇదే. 2000 సంవత్సరం జనవరిలో మైక్రోసాఫ్ట్ ఇంజినీర్లు ఈ పేరు పెట్టినప్పుడు ఒక సైట్ నుంచి మరో సైట్‌లోకి స్క్రిప్టు చొప్పించడం వారి దృష్టిలో ఉంది. ఇప్పుడు చాలా దాడుల్లో రెండో సైట్ ప్రసక్తే ఉండదు, అయినా పేరు నిలిచిపోయింది. సీఎస్‌ఎస్ అనే పొట్టిపేరు అప్పటికే స్టైల్‌షీట్లకు చెల్లిపోయింది గనుక దీన్ని ఎక్స్‌ఎస్‌ఎస్ అంటున్నారు. పాతికేళ్లు దాటినా బెడద తగ్గలేదు. మైటర్ సంస్థ ప్రకటించే 25 అతి ప్రమాదకర సాఫ్ట్‌వేర్ బలహీనతల జాబితాలో 2024లో మొదటి స్థానం దీనిదే.

ఉదాహరణలన్నీ వర్డ్‌ప్రెస్ అనే వెబ్‌సైట్ నిర్మాణ సాఫ్ట్‌వేర్ నుంచి తీసుకుంటున్నాను. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా దాని మీదే నడుస్తున్నాయి, ప్లగిన్ అన్న మాట వినగానే ఎక్కువమందికి స్ఫురించేదీ అదే. అలాంటివే అయిన జూమ్లా ఎక్స్‌టెన్షన్లకైనా డ్రూపల్ మాడ్యూళ్లకైనా సూత్రం మారదు. తేడా ఎక్కడంటే, డ్రూపల్ 8 నుంచి ట్విగ్ టెంప్లేట్ ఇంజిన్ వేరియబుళ్లను తనంతట తానే ఎస్కేప్ చేస్తుంది, అంటే కోడ్‌గా పనిచేయగల గుర్తులను నిరపాయమైన సంకేతరూపాలుగా మారుస్తుంది. వర్డ్‌ప్రెస్ ప్లగిన్లు సాధారణంగా పీహెచ్‌పీ అనే సర్వర్ భాషలోని ఎకో ఆదేశంతో నేరుగా ముద్రిస్తాయి కాబట్టి ఆ బాధ్యత ప్రతి వరుసలోనూ కోడ్ రాసేవారి మీదే ఉంటుంది. ఫంక్షన్ల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో, పలికినట్టుగా రాస్తున్నాను. కోడ్ చదివే అలవాటున్నవారు వాటిని సులభంగానే పోల్చుకోగలరు.

స్క్రిప్టు ఎవరి అధికారంతో నడుస్తుంది

ఎక్స్‌ఎస్‌ఎస్‌ను మూడు రకాలుగా చెబుతారు. డేటాబేస్‌లో నిలిచి, పేజీ తెరిచిన ప్రతివారి మీదా పనిచేసేది స్టోర్డ్. లింకులోనో ఫారంలోనో పంపిన విలువ ఆ స్పందనలోనే తిరిగి ముద్రితమైతే రిఫ్లెక్టెడ్. సర్వర్ ప్రమేయం లేకుండా, బ్రౌజర్‌లోని జావాస్క్రిప్టే నమ్మకూడని విలువను పేజీలోకి ఎక్కిస్తే డామ్ (బ్రౌజర్ లోపలి పేజీ నిర్మాణం) ఆధారితం. వర్గీకరణకు ఇది చాలు. దీనికంటే ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది: ఆ స్క్రిప్టు ఎవరి బ్రౌజర్‌లో నడుస్తుంది?

సైట్‌లోకి లాగిన్ కాని సందర్శకుడి బ్రౌజర్‌లో నడిస్తే అతన్ని మరో సైట్‌కు మళ్లించవచ్చు, నకిలీ లాగిన్ పెట్టె చూపించవచ్చు. అడ్మిన్ బ్రౌజర్‌లో నడిస్తే సైట్ మొత్తం చేతులు మారుతుంది. కుకీలకు జావాస్క్రిప్ట్ చదవకుండా ఆపే హెచ్‌టీటీపీ-ఓన్లీ గుర్తు ఉంది, ఫారాలకు నాన్స్ అనే రహస్య సంకేతం ఉంది, ఇక భయమేమిటని చాలామంది అనుకుంటారు. వర్డ్‌ప్రెస్ లాగిన్ కుకీలను జావాస్క్రిప్ట్ చదవలేదన్నది నిజమే, కానీ చదవవలసిన అవసరమే దాడి చేసేవారికి లేదు. స్క్రిప్టు అడ్మిన్ బ్రౌజర్‌లోనే ఉండి, అదే సైట్‌కు అభ్యర్థన పంపితే కుకీ దానంతటదే వెంట వెళుతుంది. కొత్త వాడుకరిని చేర్చే పేజీని నేపథ్యంలో తెప్పించుకుని, అందులోని నాన్స్ విలువను చదివి, దాన్నే జతచేసి ఫారం పంపితే కొత్త అడ్మినిస్ట్రేటర్ ఖాతా తయారవుతుంది. ఆ ఖాతాతో లాగిన్ అయి ఒక ప్లగిన్ ఎక్కిస్తే సర్వర్‌లో పీహెచ్‌పీ నడిపే వీలు దొరుకుతుంది. నాన్స్ అనేది బయటి సైట్ నుంచి వచ్చే మోసపు అభ్యర్థనలను ఆపడానికి పుట్టింది, ఇంట్లో చేరిన దొంగను ఆపడానికి కాదు.

లైట్‌స్పీడ్ క్యాష్ ప్లగిన్‌లో బయటపడిన లోపం ఈ దారికి మంచి ఉదాహరణ. లాగిన్ కాకుండానే ఎవరైనా ఒక రెస్ట్ ఏపీఐ (ప్రోగ్రాములు సైట్‌తో మాట్లాడే దారి) చిరునామా ద్వారా పంపగలిగిన విలువ, అడ్మిన్ తెరపై చూపే నోటీసులో ఎస్కేప్ కాకుండా ముద్రితమయ్యేది. 2023 అక్టోబరులో 5.7.0.1 వెర్షన్‌తో దాన్ని సరిచేశారు. లక్షల సైట్లలో ఉన్న ప్లగిన్ కావడంతో, అప్‌డేట్ చేయని సైట్ల మీద తర్వాతి నెలల్లో దాడులు జరిగాయి. ఆ దాడుల్లో జరిగిందీ ఇదే: అడ్మిన్ డాష్‌బోర్డు తెరవగానే గుట్టుగా కొత్త అడ్మినిస్ట్రేటర్ ఖాతా పుట్టుకొచ్చేది.

లోపలికి వచ్చేటప్పుడు శుభ్రపరచడం, బయటికి పంపేటప్పుడు ఎస్కేప్ చేయడం

ప్లగిన్ రాసేవారికి ఈ వ్యాసంలో ఒకే ఒక్క విషయం గుర్తుండాలంటే ఇది గుర్తుండాలి. విలువ ప్రమాదకరమా కాదా అన్నది అది వచ్చిన చోట తేలదు, ముద్రించే చోటనే తేలుతుంది. ఒకే అక్షరాల వరుస ఒక చోట నిరపాయం, మరో చోట ప్రమాదం. కాబట్టి ఎస్కేప్ చేయవలసింది ఎకో చేసే వరుసలోనే, సాధ్యమైనంత ఆలస్యంగా, ఆ చోటుకు తగిన ఫంక్షన్‌తోనే.

శానిటైజ్_టెక్స్ట్_ఫీల్డ్ వాడాం కదా, చాలదా అన్న వాదన తరచుగా వినిపిస్తుంది. ఆ ఫంక్షన్ ట్యాగులను తీసేస్తుంది, అదనపు ఖాళీలను తగ్గిస్తుంది, అయితే కొటేషన్ గుర్తులను తాకదు. అది శుభ్రపరిచిన విలువను ఇన్‌పుట్ గడిలోని వాల్యూ యాట్రిబ్యూట్‌లో (ట్యాగు లోపల రాసే లక్షణంలో) నేరుగా ముద్రిస్తే, దాడి చేసేవారు ఒక జంట కొటేషన్‌తో ఆ యాట్రిబ్యూట్‌ను మూసేసి, పక్కనే ఆన్-ఫోకస్ వంటి ఈవెంట్ హ్యాండ్లర్ (ఏదైనా జరగగానే నడిచే కోడ్) చేర్చి, ఆటోఫోకస్ కూడా తగిలిస్తే చాలు. కోణ బ్రాకెట్ ఒక్కటీ వాడకుండానే స్క్రిప్టు నడుస్తుంది. పీహెచ్‌పీలోని స్ట్రిప్-ట్యాగ్స్‌కూ ఇదే గతి. హెచ్‌టీఎంఎల్-స్పెషల్-చార్స్ విషయంలో మరో చిక్కు ఉంది. పీహెచ్‌పీ 8.1కి ముందు అది మామూలుగా ఒంటి కొటేషన్‌ను మార్చేది కాదు. ఒంటి కొటేషన్లతో యాట్రిబ్యూట్లు రాసే అలవాటున్న పాత కోడ్‌లో ఈ కారణంగా రంధ్రాలు మిగిలి ఉంటాయి.

ఏ చోట ఏది వాడాలో వరుసగా చూద్దాం. ట్యాగుల మధ్య మామూలు పాఠ్యంగా కనిపించే విలువకు ఎస్క్_హెచ్‌టీఎంఎల్ సరిపోతుంది. యాట్రిబ్యూట్ లోపలి విలువకు ఎస్క్_యాట్ర్ వాడాలి, ఆ యాట్రిబ్యూట్ చుట్టూ కొటేషన్లు తప్పనిసరిగా ఉండాలి. కొటేషన్లు లేని యాట్రిబ్యూట్‌లో ఒక ఖాళీ స్థలం చాలు కొత్త యాట్రిబ్యూట్ మొదలవడానికి. లింకు చిరునామాకు, చిత్రం చిరునామాకు ఎస్క్_యూఆర్‌ఎల్ వాడాలి. ఇక్కడ ఎస్క్_యాట్ర్ వాడడం ఎందుకు తప్పో తెలుసుకోవాలి. జావాస్క్రిప్ట్ అనే ప్రోటోకాల్‌తో మొదలయ్యే చిరునామాలో ఎస్క్_యాట్ర్ మార్చవలసిన గుర్తులు ఏవీ లేకపోవచ్చు. అది చెక్కుచెదరకుండా దాటిపోతుంది, లింకు నొక్కగానే కోడ్ నడుస్తుంది. ఎస్క్_యూఆర్‌ఎల్ అనుమతించిన ప్రోటోకాళ్లను మాత్రమే ఉంచుతుంది. టెక్స్ట్ ఏరియా లోపలి పాఠ్యానికి ఎస్క్_టెక్స్ట్ఏరియా ఉంది. వాడుకరి రాసిన బొద్దు అక్షరాలు, లింకులు, పేరాలు అలాగే కనిపించవలసిన చోట డబ్ల్యూపీ_కేసెస్_పోస్ట్ వాడి, అనుమతించిన ట్యాగులను మాత్రమే మిగల్చాలి. ఇంకా తక్కువ ట్యాగులు చాలుననుకుంటే డబ్ల్యూపీ_కేసెస్‌కు మీ సొంత జాబితా ఇవ్వడం మరింత మంచిది.

స్క్రిప్ట్ ట్యాగు లోపల పీహెచ్‌పీ విలువను ముద్రించడం అన్నిటికంటే ఇబ్బందికరమైన చోటు. అక్కడ ఎస్క్_హెచ్‌టీఎంఎల్ పనికిరాదు, ఎందుకంటే స్క్రిప్ట్ లోపల హెచ్‌టీఎంఎల్ సంకేతరూపాలను బ్రౌజర్ విప్పదు, పైగా బ్యాక్‌స్లాష్, కొత్త వరుస వంటివి దాని పరిధిలోకే రావు. విలువను డబ్ల్యూపీ_జేసన్_ఎన్‌కోడ్‌తో మార్చి, కోణ బ్రాకెట్లను యూనికోడ్ రూపంలోకి మార్చే హెక్స్-ట్యాగ్ ఐచ్ఛికాన్ని జతచేయడం సురక్షితం. అంతకంటే మంచి పద్ధతి, విలువను అసలు స్క్రిప్ట్ లోపల పెట్టకుండా డేటా యాట్రిబ్యూట్‌లో ఉంచి జావాస్క్రిప్ట్ చేత చదివించడం. దానిలోనూ ఒక ఉచ్చు ఉంది, దాన్ని తర్వాత చెబుతాను.

అనువాద వాక్యాలను కూడా నమ్మకూడదు. అనువాద ఫైళ్లు మరొకరు రాసినవి. ఎస్కేప్ చేసి ఇచ్చే అనువాద ఫంక్షన్లు వర్డ్‌ప్రెస్‌లో విడిగా ఉన్నాయి, వాటినే వాడాలి.

సొంత సైట్ చిరునామాను కూడా నమ్మకూడదని 2015 ఏప్రిల్‌లో చాలామంది డెవలపర్లకు తెలిసివచ్చింది. యాడ్_క్వెరీ_ఆర్గ్, రిమూవ్_క్వెరీ_ఆర్గ్ అనే రెండు ఫంక్షన్లు చిరునామాను ఎస్కేప్ చేసి ఇస్తాయని పలువురు అనుకున్నారు. అప్పటి అధికారిక వివరణ కూడా ఆ సంగతిని స్పష్టంగా చెప్పలేదు. నిజానికి చిరునామా ఇవ్వకపోతే ఆ ఫంక్షన్లు ప్రస్తుత అభ్యర్థనలోని చిరునామానే తీసుకుని, ఎస్కేప్ చేయకుండా తిరిగి ఇస్తాయి. జెట్‌ప్యాక్, యోస్ట్ వంటి ప్రసిద్ధ ప్లగిన్లు సహా ఎన్నో ప్లగిన్లు ఆ నెలలో ఒకేసారి సవరణలు విడుదల చేయవలసి వచ్చింది. తప్పు చేసినవారు అనుభవం లేనివారు కారన్నది గమనించవలసిన విషయం. ఫంక్షన్ ఏమి చేస్తుందో ఊహించుకోవడం కంటే, ముద్రించే ప్రతి చోటా ఎస్క్_యూఆర్‌ఎల్ తగిలించే అలవాటే మేలు.

ఎస్కేప్ చేసిన తర్వాత దాన్ని విప్పేసే కోడ్ కూడా కనిపిస్తుంది. సంకేతరూపాలు తెరపై వికృతంగా కనిపిస్తున్నాయని ఎవరో ఫిర్యాదు చేస్తే, హెచ్‌టీఎంఎల్-ఎంటిటీ-డీకోడ్ ఒకటి చివర్లో తగిలించి చేతులు దులుపుకోవడం దీనికి మూలం. రెండుసార్లు ఎస్కేప్ అయిందన్నది ఆ ఫిర్యాదుకు అసలు కారణం. ఎక్కువైన ఎస్కేపింగ్‌ను తొలగించాలే తప్ప ఉన్నదాన్నంతా విప్పకూడదు.

షార్ట్‌కోడ్‌లు, బ్లాకులు: కంట్రిబ్యూటర్ దారి

ప్లగిన్లలో ఎక్స్‌ఎస్‌ఎస్ ప్రకటనలు చదివేవారికి ‘కంట్రిబ్యూటర్ లేదా అంతకంటే పై హోదా ఉన్నవారు’ అన్న మాట బాగా పరిచయం. కారణం ఇది. కంట్రిబ్యూటర్ (వ్యాసం రాసి సమీక్షకు పంపే హోదా ఉన్నవారు) రాసిన వ్యాసంలోని ప్రమాదకర ట్యాగులను వర్డ్‌ప్రెస్ భద్రపరిచేటప్పుడే కేసెస్ వడపోతతో తీసేస్తుంది. కానీ షార్ట్‌కోడ్ చదరపు బ్రాకెట్లలో రాసిన మామూలు పాఠ్యం. దాన్ని వడపోత ట్యాగుగా చూడదు. ఆ షార్ట్‌కోడ్‌కు ఇచ్చిన వెడల్పు, రంగు, క్లాస్ పేరు వంటి విలువలు పేజీ చూపేటప్పుడు ప్లగిన్ చేతికి చేరతాయి. ప్లగిన్ వాటిని ఎస్క్_యాట్ర్ లేకుండా హెచ్‌టీఎంఎల్‌లో అతికిస్తే, వడపోత తర్వాత కొత్త హ్యాండ్లర్ పుడుతుంది. ఆ వ్యాసాన్ని సమీక్షించడానికి ఎడిటరో అడ్మినో ప్రివ్యూ తెరుస్తారు. సమీక్ష కోసం పంపడమే కంట్రిబ్యూటర్ పని కాబట్టి, బాధితుణ్ణి పేజీ వద్దకు రప్పించే శ్రమ కూడా దాడి చేసేవారికి ఉండదు.

షార్ట్‌కోడ్ విలువలకు తొలి విలువలు నిర్ణయించే షార్ట్‌కోడ్_యాట్స్ ఫంక్షన్ తెలియని యాట్రిబ్యూట్లను వదిలేస్తుంది, తెలిసినవాటి విలువలను శుభ్రపరచదు. సంఖ్య అయితే యాబ్స్-ఇంట్‌తో సంఖ్యగా మార్చండి. ఎడమ, కుడి, మధ్య వంటి కొన్ని విలువలే ఉండే చోట జాబితాతో పోల్చి, జాబితాలో లేనిదాన్ని తొలి విలువతో మార్చండి. ఆ తర్వాత కూడా ముద్రించే చోట ఎస్కేప్ మానకండి.

శీర్షికకు ఏ ట్యాగు వాడాలో వాడుకరే ఎంచుకునే సౌకర్యం పేజీ బిల్డర్ విడ్జెట్లలో మామూలు. ఎంపిక పెట్టెలో హెచ్1 నుంచి హెచ్6 వరకే కనిపిస్తాయి గనుక అంతకుమించి రాదని డెవలపర్ అనుకుంటారు. భద్రపరిచే అభ్యర్థనను దారిలో మార్చి, ట్యాగు పేరు స్థానంలో స్క్రిప్ట్ అన్న పదం పెడితే ఏమవుతుంది? ఎస్క్_హెచ్‌టీఎంఎల్ దాన్ని అడ్డుకోలేదు, ఎందుకంటే అందులో ఎస్కేప్ చేయవలసిన గుర్తే లేదు. శీర్షిక పాఠ్యం కాస్తా స్క్రిప్టుగా మారుతుంది. ట్యాగు పేర్లకు, యాట్రిబ్యూట్ పేర్లకు ఎస్కేపింగ్ అన్న ఆలోచనే పనికిరాదు, అనుమతి జాబితా ఒక్కటే దారి. ఇది చిన్న విషయంలా కనిపించినా, పెద్ద ప్లగిన్లలో సైతం ఎన్నోసార్లు దొర్లిన తప్పు.

బ్రౌజర్ వైపు కోడ్

డేటా యాట్రిబ్యూట్‌లోని ఉచ్చు గురించి ఇందాక అన్నాను. సర్వర్ వైపు ఎస్క్_యాట్ర్ సరిగ్గానే వాడి, పాపప్ శీర్షికను డేటా యాట్రిబ్యూట్‌లో ఉంచారనుకోండి. బ్రౌజర్ పేజీని చదివేటప్పుడు ఆ సంకేతరూపాలను విప్పి అసలు అక్షరాలుగా మారుస్తుంది, అది దాని పని. తర్వాత జావాస్క్రిప్ట్ ఆ విలువను చదివి, ఇన్నర్-హెచ్‌టీఎంఎల్‌కో, జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ కోడ్ గ్రంథాలయంలోని హెచ్‌టీఎంఎల్ పద్ధతికో అందిస్తే, విప్పిన అక్షరాలు మళ్లీ ట్యాగులుగా ప్రాణం పోసుకుంటాయి. పీహెచ్‌పీ ఫైలు చూసినవారికి అంతా పద్ధతిగానే కనిపిస్తుంది, జావాస్క్రిప్ట్ ఫైలు చూసినవారికి అది తమ సొంత పేజీలోని విలువే కదా అనిపిస్తుంది. రెండు ఫైళ్లనూ కలిపి చదివినప్పుడే లోపం బయటపడుతుంది. గ్యాలరీలు, లైట్‌బాక్సులు, టూల్‌టిప్‌లు ఈ తరహా లోపాలకు ఆటపట్టు.

నివారణ కష్టం కాదు. పాఠ్యం మాత్రమే కావలసిన చోట టెక్స్ట్-కంటెంట్ లేదా జేక్వెరీలోని టెక్స్ట్ పద్ధతి వాడాలి. నిజంగా హెచ్‌టీఎంఎల్ కావాలంటే డామ్‌ప్యూరిఫై వంటి గ్రంథాలయంతో శుభ్రపరచాలి. సొంతంగా రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ రాసి స్క్రిప్ట్ ట్యాగులు తొలగించే ప్రయత్నం వద్దు, స్క్రిప్ట్ ట్యాగు లేకుండానే నడిచే మార్గాలు చాలా ఉన్నాయి. చిరునామాలో హ్యాష్ గుర్తు తర్వాతి భాగాన్ని చదివి ట్యాబులు తెరిచే కోడ్ ఉంటే ప్రత్యేకంగా పరీక్షించండి. ఆ భాగం సర్వర్‌కు చేరదు కాబట్టి సర్వర్ లాగుల్లో కూడా దాని ఆనవాలు మిగలదు. ప్లగిన్ తన వెంట పాత జేక్వెరీ ప్రతిని మోసుకొస్తుంటే దాన్ని తీసేసి, వర్డ్‌ప్రెస్‌తో వచ్చేదాన్నే వాడండి. 3.5.0కి ముందు జేక్వెరీ వెర్షన్లలోనే ఎక్స్‌ఎస్‌ఎస్ లోపాలున్నాయి.

అనుమతుల తనిఖీ లేని అమరికలు

అడ్మిన్ మాత్రమే మార్చగల అమరికలో అడ్మిన్ రాసిన స్క్రిప్టు నడిస్తే పెద్ద ప్రమాదం కాదు, అతనికి ఎలాగూ ఆ అధికారం ఉంది. అమరికలను మరెవరైనా మార్చగలిగినప్పుడు మాత్రం అదే చోటు తీవ్రమైన స్టోర్డ్ ఎక్స్‌ఎస్‌ఎస్ అవుతుంది. దీనికి మూలం తరచుగా ఒకే అపార్థం. ఈజ్_అడ్మిన్ అనే ఫంక్షన్ పేరు చూసి, అది వాడుకరి అడ్మినా కాదా అని చెబుతుందనుకుంటారు. అది చెప్పేది నడుస్తున్న అభ్యర్థన అడ్మిన్ విభాగానికి చెందినదా అన్నది మాత్రమే. నేపథ్య అభ్యర్థనలను అందుకునే అడ్మిన్-ఏజాక్స్ ఫైలుకు వచ్చిన ప్రతి అభ్యర్థనకూ, లాగిన్ కానివారు పంపినా సరే, అది అవుననే చెబుతుంది. అడ్మిన్_ఇనిట్ హుక్ (నిర్ణీత ఘట్టంలో ప్లగిన్ కోడ్‌ను పిలిచే ఏర్పాటు) కూడా అలాంటి అభ్యర్థనలకు నడుస్తుంది. ఆ హుక్‌లో అమరికలను భద్రపరిచే కోడ్ పెట్టి, కరెంట్_యూజర్_కెన్‌తో అధికారం అడగకపోతే, తలుపు బార్లా తెరిచినట్టే. రెస్ట్ ఏపీఐ మార్గాలకు పర్మిషన్ కాల్‌బ్యాక్‌లో ఎల్లప్పుడూ అవునని చెప్పే ఫంక్షన్‌ను రాసి పెట్టడమూ ఇంతే.

నాన్స్ తనిఖీ, అధికార తనిఖీ రెండూ వేర్వేరు. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోకూడదు.

ఎస్‌వీజీ చిత్రాల సంగతీ ఇక్కడే చెప్పాలి. ఎస్‌వీజీ ఫైలులో స్క్రిప్టు ఉండవచ్చు కాబట్టే వర్డ్‌ప్రెస్ వాటి అప్‌లోడ్‌ను సహజంగా అనుమతించదు. ఆ అనుమతిని ఒక వరుస కోడ్‌తో తెరిచే ప్లగిన్లు, ఫైలును శుభ్రపరిచే గ్రంథాలయం లేకుండా అలా చేస్తే, అప్‌లోడ్ హక్కున్న ప్రతివారికీ స్క్రిప్టు ఎక్కించే హక్కు ఇచ్చినట్టే.

పరీక్షించడం

పరీక్షలు మీ సొంత సైట్ నకలు మీద మాత్రమే చేయండి. హెచ్చరిక పెట్టె తెరపైకి వచ్చిందా లేదా అని చూడడం కంటే, హాని చేయని గుర్తుపదం ఒకటి తీసుకుని, దాని చుట్టూ ఒంటి కొటేషన్, జంట కొటేషన్, రెండు కోణ బ్రాకెట్లు చేర్చి ప్రతి గడిలోనూ నింపి, పేజీ సోర్సులో ఆ పదం కోసం వెతకడం మేలు. ఏ గుర్తు మారకుండా బయటికి వచ్చిందో, ఏ చోట వచ్చిందో కళ్లకు కడుతుంది. హెచ్చరిక పెట్టె రాకపోవడం సురక్షితమన్నదానికి నిదర్శనం కాదు, ఆ చోటుకు తగిన ముక్కను మీరు ప్రయత్నించలేదన్నది మాత్రమే కావచ్చు. జావాస్క్రిప్ట్ తర్వాత చేర్చేవాటికి డెవలపర్ టూల్స్‌లోని ఎలిమెంట్స్ భాగం చూడాలి, ఎందుకంటే పేజీ సోర్సులో అవి కనబడవు.

అడ్మిన్ ఖాతాతో పరీక్షించి తప్పుడు నిర్ణయానికి రావడం సాధారణం. మామూలు ఒంటరి సైట్‌లో అడ్మినిస్ట్రేటర్‌కూ ఎడిటర్‌కూ అన్‌ఫిల్టర్డ్_హెచ్‌టీఎంఎల్ అనే అధికారం ఉంటుంది, వారు వ్యాసంలో స్క్రిప్టు రాసినా వర్డ్‌ప్రెస్ తీసేయదు. అది లోపం కాదు. ఒకే వర్డ్‌ప్రెస్ మీద పలు సైట్లు నడిచే మల్టీసైట్‌లో మాత్రం ఆ అధికారం సూపర్ అడ్మిన్‌కే పరిమితం, కాబట్టి అక్కడ సైట్ అడ్మిన్ రాసిన స్క్రిప్టు నడవడం లోపమే. పరీక్షకు కంట్రిబ్యూటర్ ఖాతా, లాగిన్ లేని బ్రౌజర్ కిటికీ రెండూ వాడండి.

కోడ్ మీద పీహెచ్‌పీ కోడ్‌స్నిఫర్‌ను వర్డ్‌ప్రెస్ కోడింగ్ ప్రమాణాలతో నడిపితే, ఎస్కేప్ కాని ఎకోలన్నీ వరుస సంఖ్యలతో సహా బయటపడతాయి. అది అవసరం లేని హెచ్చరికలు కూడా ఇస్తుంది. వాటిని అణచిపెట్టే వ్యాఖ్యలు రాసేముందు, ఆ విలువ ఎక్కడి నుంచి వస్తుందో ఒక్కసారి వెనక్కి వెళ్లి చూడండి. నిజమైన లోపాన్ని ‘ఇది సురక్షితమే’ అన్న వ్యాఖ్య కింద దాచిన కోడ్ అరుదైనదేమీ కాదు.

కోడ్ రాయని సైట్ యజమానులు చేయగలిగింది

సవరణ వచ్చిన రోజే వేయడం అన్నిటికంటే ఫలితమిచ్చే పని. అడ్వాన్స్‌డ్ కస్టమ్ ఫీల్డ్స్ ప్లగిన్‌లోని రిఫ్లెక్టెడ్ ఎక్స్‌ఎస్‌ఎస్‌ను 2023 మేలో 6.1.6 వెర్షన్‌తో సరిచేశారు. సాంకేతిక వివరాలు వెలువడిన 24 గంటల్లోనే దాడి ప్రయత్నాలు మొదలైనట్టు అకమాయ్ సంస్థ గమనించింది. వారానికోసారి తీరికగా అప్‌డేట్ చేసే అలవాటు ఈ వేగానికి సరిపోదు. వర్డ్‌ప్రెస్ 5.5 నుంచి ప్లగిన్లకు స్వయంచాలక అప్‌డేట్లు ఉన్నాయి. అప్‌డేట్ వల్ల ఏదైనా విరుగుతుందన్న భయంతో వాటిని ఆపేయడం కంటే, రోజూ బ్యాకప్ తీసుకుని వాటిని నడవనివ్వడం మంచిదని నా అభిప్రాయం. విరిగిన పేజీని మర్నాడు సరిచేయవచ్చు.

వాడని ప్లగిన్లను డీయాక్టివేట్ చేసి వదిలేయకుండా తొలగించండి. ప్లగిన్ ఎంచుకునేటప్పుడు చుక్కల రేటింగ్ కంటే చివరి అప్‌డేట్ తేదీనీ, మార్పుల చిట్టాలో భద్రతా సవరణలను దాచకుండా రాశారా అన్నదాన్నీ చూడండి. గతంలో లోపం బయటపడి త్వరగా సరిచేసిన ప్లగిన్, ఎవరూ పరిశీలించని ప్లగిన్ కంటే నమ్మదగినది. లోపం కారణంగా ప్లగిన్‌ను అధికారిక డైరెక్టరీ నుంచి మూసేస్తే మీకు అప్‌డేట్లు ఆగిపోతాయే తప్ప, ఇప్పటికే ఉన్న ప్రతి అలాగే నడుస్తూ ఉంటుంది. కాబట్టి ఏడాదిగా కదలిక లేని ప్లగిన్ల పేజీలను అప్పుడప్పుడు తెరిచి చూడాలి.

స్క్రిప్టుకు దొరికేది పేజీ తెరిచినవారి అధికారమే గనుక, ఆ అధికారాన్ని తగ్గించుకోవడం కూడా రక్షణే. వ్యాసాలు రాయడానికి, వ్యాఖ్యలు చూడడానికి ఆథర్ లేదా ఎడిటర్ ఖాతా వాడుతూ, అడ్మిన్ ఖాతాను విడి బ్రౌజర్ ప్రొఫైల్‌లో అవసరమైనప్పుడే తెరవండి. అడ్మిన్‌గా లాగిన్ అయి ఉన్న కిటికీలో ఈమెయిల్లో వచ్చిన లింకులు నొక్కకండి, రిఫ్లెక్టెడ్ దాడికి కావలసింది అదే. డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైలులో డిజాలో_అన్‌ఫిల్టర్డ్_హెచ్‌టీఎంఎల్ అన్న స్థిరాంకాన్ని పెడితే అడ్మిన్లతో సహా అందరి వ్యాసాలూ వడపోతకు లోనవుతాయి. డిజాలో_ఫైల్_మాడ్స్ పెడితే డాష్‌బోర్డు నుంచి ప్లగిన్లు ఎక్కించడం, ఫైళ్లు దిద్దడం రెండూ ఆగిపోతాయి, అడ్మిన్ ఖాతా పోయినా పీహెచ్‌పీ వరకు దాడి పాకడం కష్టమవుతుంది. దాని వల్ల డాష్‌బోర్డు అప్‌డేట్లు, స్వయంచాలక అప్‌డేట్లు కూడా ఆగుతాయి. అప్‌డేట్లను కమాండ్ లైన్ నుంచో మరో పద్ధతిలోనో క్రమం తప్పక చేయగలవారే దాన్ని వాడాలి.

వెబ్ అప్లికేషన్ ఫైర్‌వాల్ తెలిసిన దాడుల రూపాలను అడ్డుకుని, సవరణ వేసేలోగా కొంత వ్యవధి ఇస్తుంది. అంతకుమించి ఆశించకండి. పేజీలో ఏ స్క్రిప్టులు నడవవచ్చో బ్రౌజర్‌కు చెప్పే కంటెంట్ సెక్యూరిటీ పాలసీ హెడర్ సిద్ధాంతపరంగా బలమైన రక్షణ. కానీ పేజీలోపలి స్క్రిప్టులను అనుమతించే అన్‌సేఫ్-ఇన్‌లైన్ పెట్టగానే దాని బలం చాలావరకు పోతుంది, వర్డ్‌ప్రెస్ అడ్మిన్ విభాగమూ ఎన్నో ప్లగిన్లూ అలాంటి స్క్రిప్టుల మీదే ఆధారపడి ఉన్నాయి. సందర్శకులు చూసే పేజీలకు ముందుగా రిపోర్ట్-ఓన్లీ (ఆపకుండా నివేదించే) పద్ధతిలో పెట్టి, ఏవి విరుగుతాయో కొన్ని వారాలు గమనించి, తర్వాత అమలు చేయడం ఆచరణీయం. బ్రౌజర్‌లోని ఎక్స్‌ఎస్‌ఎస్ వడపోతను పనిచేయించే ఎక్స్-ఎక్స్‌ఎస్‌ఎస్-ప్రొటెక్షన్ అనే హెడర్‌ను ఇప్పటికీ సిఫారసు చేసే సలహాలు కనిపిస్తాయి. క్రోమ్ ఆ వడపోతను 2019లోనే 78వ వెర్షన్‌లో తీసేసింది, దాని మీద సమయం వెచ్చించనక్కర్లేదు.

దాడి జరిగిందని అనుమానం వస్తే

కంగారుగా అడ్మిన్ ఖాతాతో డాష్‌బోర్డు తెరవడమే మొదటి పొరపాటు. స్టోర్డ్ స్క్రిప్టు ఇంకా అక్కడే ఉంటే మీ అధికారంతో మళ్లీ నడుస్తుంది, తొలగించిన ఖాతా మళ్లీ పుడుతుంది. వీలైతే సర్వర్‌లోకి వెళ్లి, వర్డ్‌ప్రెస్‌ను కమాండ్ లైన్ నుంచి నడిపే డబ్ల్యూపీ-సీఎల్‌ఐ కమాండ్లతో పని మొదలుపెట్టండి. అది లేకపోతే జావాస్క్రిప్ట్ ఆపేసిన బ్రౌజర్‌తో లోపలికి వెళ్లండి. ముందు డేటాబేస్‌కూ ఫైళ్లకూ ఉన్న స్థితిలోనే ఒక నకలు తీసి పెట్టుకోండి, ఏం జరిగిందో తెలుసుకోవడానికి అదే ఆధారం.

తర్వాత లోపమున్న ప్లగిన్‌ను అప్‌డేట్ చేయండి, సవరణ రాకపోతే తొలగించండి. అడ్మినిస్ట్రేటర్ ఖాతాల జాబితా తీసి, మీకు తెలియనివాటిని తీసేయండి. తెలిసిన ఖాతాలలో సైతం ఈమెయిల్ చిరునామా మారిందేమో చూడండి, అప్లికేషన్ పాస్‌వర్డ్‌లు కొత్తగా చేరి ఉంటే రద్దు చేయండి. పోస్టుల పట్టికలోనూ ఆప్షన్ల పట్టికలోనూ స్క్రిప్ట్ ట్యాగులనూ, ఆన్-ఎర్రర్, ఆన్-లోడ్ వంటి హ్యాండ్లర్లనూ వెతకండి. విడ్జెట్లు, పాపప్‌లు, ప్లగిన్ సొంత పట్టికలు మరవకండి. 2023 డిసెంబరులో పాపప్ బిల్డర్ ప్లగిన్ లోపం మీద మొదలైన బలాడా ఇంజెక్టర్ దాడుల్లో స్క్రిప్టు చేరింది పాపప్‌ల అమరికల్లోనే, వ్యాసాలు మాత్రమే వెతికినవారికి అది కనిపించదు. స్క్రిప్టు అంతా తొలగిన తర్వాతే డబ్ల్యూపీ-కాన్ఫిగ్‌లోని సాల్ట్ కీలను (లాగిన్ కుకీలకు వాడే రహస్య విలువలను) మార్చండి. దానితో లాగిన్ అయి ఉన్న అందరూ ఒక్కసారిగా బయటికి పోతారు, దాడి చేసినవారితో సహా. ఆపై పాస్‌వర్డ్‌లు మార్చండి.

అడ్మిన్ ఖాతా పుట్టిందంటే పీహెచ్‌పీ ఫైళ్లు కూడా చేరి ఉండవచ్చని భావించాలి. కోర్ ఫైళ్లనూ ప్లగిన్లనూ చెక్‌సమ్‌లతో (ఫైలు మారిందో లేదో చెప్పే సంకేతాలతో) సరిపోల్చే కమాండ్లు డబ్ల్యూపీ-సీఎల్‌ఐలో ఉన్నాయి. డబ్బిచ్చి కొన్న ప్లగిన్లకు చెక్‌సమ్‌లు దొరకవు, వాటిని మూల ప్రతితో పూర్తిగా తిరిగి వేయడమే సులభం. తప్పనిసరిగా నడిచే ప్లగిన్లుండే ఎంయూ-ప్లగిన్స్ ఫోల్డరునూ, అప్‌లోడ్స్ ఫోల్డరులోని పీహెచ్‌పీ ఫైళ్లనూ, సమయానికి వాటంతటవే నడిచే క్రాన్ పనుల జాబితానూ ప్రత్యేకంగా చూడండి. ఎంయూ-ప్లగిన్లు మామూలు ప్లగిన్ల జాబితాలో కలిసి కనిపించవు, డాష్‌బోర్డు నుంచి వాటిని ఆపేయడమూ కుదరదు, అందుకే అక్కడ దాక్కోవడం దాడి చేసేవారికి ఇష్టం. వర్డ్‌ప్రెస్ సైట్‌లో అప్‌లోడ్స్ ఫోల్డరులో పీహెచ్‌పీ నడవవలసిన అవసరం దాదాపు ఎప్పుడూ ఉండదు కాబట్టి, ఈ పనిలో ఉండగానే ఆ ఫోల్డరులో పీహెచ్‌పీ అమలును సర్వర్ అమరికల్లో ఆపేయండి.

లోపం మీరే రాసిన ప్లగిన్‌లో బయటపడితే, దాన్ని తెలియజేసినవారికి ముందు జవాబివ్వండి. ఫిర్యాదులో చూపిన ఒక్క చోటు సరిచేసి వదలకండి. ఆ విలువ మరెక్కడ ముద్రితమవుతోందో, అదే తరహా ఎకో మరెన్ని ఫైళ్లలో ఉందో వెతికి ఒకే విడుదలలో పూడ్చండి. లేకపోతే సవరణను చదివిన దాడిదారులు పక్క వరుసలో మిగిలినదాన్ని కనుక్కుంటారు. ఇప్పటికే డేటాబేస్‌లో చేరిన ప్రమాదకర విలువలు కొత్త వెర్షన్‌లో ఎస్కేప్ అయి నిరపాయమవుతాయి. అది ముద్రించే చోట ఎస్కేప్ చేయడం వల్ల కలిగే మరో లాభం, వచ్చేటప్పుడు మాత్రమే శుభ్రపరిస్తే పాతవి అలాగే నడుస్తూ ఉంటాయి. మార్పుల చిట్టాలో ‘చిన్న సవరణలు’ అని రాయకుండా భద్రతా సవరణ అని స్పష్టంగా రాయండి, అప్‌డేట్ ఎంత త్వరగా వేయాలో సైట్ యజమానులు ఆ ఒక్క వరుస చూసే నిర్ణయించుకుంటారు.